మల్లేశం కాక అడిగిన పేజీ

మల్లేశం గారు పోయారన్న వార్త నాకు గ్రంథాలయంలో, పత్రికల గదిలో కూర్చుని ఉండగా తెలిసింది. ఆ గదిలో ఫోను మోగితే నలభై తలలు ఒక్కసారిగా లేస్తాయి. వరండాలోకి పరుగెత్తి ఎత్తాను. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ రాములు. “అన్నా, మల్లేశం కాక పోయిండు. పొద్దుగాల చాయ్ తాగిండంట. గ్లాసు కింద పెట్టి కుర్చీలనే పక్కకు ఒరిగిండంట” అన్నాడు. ముందురోజు సాయంత్రమే అశోక్‌నగర్ మలుపులో ఆయన నాకు ఎదురుపడ్డాడు. ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాడు. నేను ఎప్పుడూ చెప్పే అబద్ధమే చెప్పాను.

ఇటువంటి వ్యాసాలు అశనిపాతం, తీరని లోటు అన్న మాటలతో మొదలవుతాయని నాకు తెలుసు. నారాయణగూడలో ఒక ప్రెస్సులో ఇరవై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ‘అశనిపాతం’లో ‘శ’ను ఎన్నిసార్లు సరిచేశానో లెక్కలేదు. కానీ ఆ వరండాలో నాకు మొదట కలిగింది ఊరట. ఇక ఆ ప్రశ్న అడిగే మనిషి లేడన్న ఊరట. మెట్లు దిగి స్కూటరు దగ్గరకు వచ్చి తాళంచెవి పెట్టేదాకా నా మీద నాకు రోత పుట్టలేదు.

ఆయన గురించి రెండు పేజీలు రాసిమ్మని మా అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళు అడిగారు. పదకొండో రోజున కరపత్రంగా పంచుతామన్నారు. రాసిచ్చాను. ఒక పేరా తీసేయమన్నారు. “పోయినాయన ఎలాగూ పోయారు, ఇప్పుడిదంతా ఎందుకండీ” అన్నారు కార్యదర్శి గారు. తీయనన్నాను. అందుకే ఇది గ్రంథాలయ పాఠకులం మనం వేసుకునే ఈ చిన్న పత్రికకు వచ్చింది. ఇది చదివేవాళ్ళలో చాలామంది స్కూటర్లకు ఆయన మాట తగిలే ఉంటుంది.

ఆ పేరా ఇది. మల్లేశం గారి పేరు మీద మా సందులో ఒక మచ్చ ఉంది. చేతులు వణికే ముసలాయన స్కూటరు బెల్టు తప్పుగా వేసి ఒక ఆడపిల్లకు ఏడాది చదువు పోగొట్టాడని. ఆయన చేతులు వణికిన మాట నిజం. ఆ పిల్లకు ఏడాది పోయిన మాట నిజం. బెల్టు వేసింది మాత్రం నేను.

ఇక ఆయనెవరో మొదటినుంచి చెబుతాను.

మల్లేశం గారు ఆజామాబాద్‌లో ఎప్పుడో మూతపడిన ఒక కార్ఖానాలో టర్నరు. లేతు మిషను మీద ఇనుప కడ్డీని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కిన చెయ్యి ఆయనది. కార్ఖానా పోయాక మా అపార్ట్‌మెంటు వెనక సందులో రెండు గదుల కిరాయి పోర్షనులో, భార్య యాదమ్మ గారితో ఉండేవాడు. చదువు నాలుగో తరగతి, అదీ ఉర్దూలో. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. మిర్చీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా సాపు చేసి, నూనె మరకల నడుమ ఏముందో చూసిగానీ పారేసేవాడు కాదు. అచ్చులో ఉన్నదంటే ఆయనకు అంత భయభక్తులు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కథంతా దాని మీదే నడుస్తుంది.

నాకు ఆయన పరిచయమైంది రెండు వేల తొమ్మిదిలో. గేర్లు లేని పాత స్కూటరొకటి కొన్నాను. కొన్న నాలుగు నెలలకే ఎంత రేజ్ చేసినా బండి లాగడం మానేసింది. లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు మీద సైకిళ్ళు నన్ను దాటిపోతుంటే సిగ్గేసి, ఇంటికి తెచ్చి సెల్లారులో నిలబెట్టి, నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాను.

“ఏం చూస్తున్నవ్? అది చెప్పదు. ఇప్పి చూడాలె” అన్నాడు వెనకనుంచి.

బక్కపలచని మనిషి, బొత్తాములన్నీ పెట్టుకున్న తెల్ల చొక్కా, జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న టార్చి. బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. “చేతులు చూపియ్” అన్నాడు. బడిపిల్లవాడిలా చూపించాను. “నూనె ఉంది. కడుక్కొని రా.” కడిగి వచ్చాను. “గోర్లల్ల ఉంది.” మళ్ళీ వెళ్ళాను. మూడోసారి విసుగొచ్చి, “ఏంది కాకా, నేనేమన్న పూజకు కూసుంటున్ననా?” అంటే, “పూజల దేవుడు మాఫ్ చేస్తడు. బెల్టుకు జర జిడ్డు తగిలినా జారుతది. అది మాఫ్ చెయ్యదు” అన్నాడు.

ఆరోజు ఆయన నా బండిని ముట్టుకోలేదు. తరువాత ఎవరి బండినీ ముట్టుకోగా చూడలేదు. “ఎవరి బండికి వాళ్ళ చెయ్యే” అన్నది ఆయన నియమం. మెకానిక్ దగ్గర బండి వదిలి వచ్చేవాళ్ళంటే ఆయనకు చిరాకు. “బండి నీది, బెల్టు నీది, రేపు నడిరోడ్డు మీద ఆగేది నువ్వు. నడుమ నా చెయ్యెందుకు?” అనేవాడు. ప్రతిఫలం ఒక గ్లాసు చాయ్, అదీ సగమే.

విప్పిన బోల్టులు పెట్టుకోవడానికి పాత పెళ్ళిపత్రిక ఒకటి అడిగేవాడు. ఆ అట్ట మీద స్కూటరు కవరు ఆకారం మనచేత గీయించి, ఏ చోటి బోల్టును ఆ చోటే గుచ్చమనేవాడు. బోల్టులన్నీ ఒక పొడవు ఉండవు; పొడుగుది పొట్టిదాని చోట పెడితే మరలు చెడతాయి. మా మూడో అంతస్తు వకీలు గారు ఒకసారి అంతా మూసేసి, చేతులు దులుపుకుని, గెలిచిన కేసు చెబుతున్నట్టు నిలబడ్డారు. కాక పెళ్ళిపత్రిక ఎత్తి చూపాడు. ఒక బోల్టు ఇంకా వరుడి పేరు దగ్గర గుచ్చి ఉంది. “వకీల్ సాబ్, చుట్టాన్ని పెండ్లికి పిలిచి బువ్వ పెట్టకుండ పంపుతరా? కవరు మల్ల ఇప్పుండ్రి” అన్నాడు. మళ్ళీ విప్పించాడు కూడా.

బెల్టు గురించి ఆయన చెప్పిన మాట మా సందులో అందరికీ తెలుసు. “బెల్టంటే ఏందనుకున్నవ్? జబాన్. ఇంజను చక్రానికి ఇచ్చిన జబాన్. ముంగట ఇంజను ఎంత ఒర్రినా, నడుమ జబాన్ తెగితే ఎనక చక్రం కదలదు.” మన బస్తీలో జబాన్ అంటే నాలుక, ఇచ్చిన మాట, రెండూ. నేనిప్పుడు రాస్తున్నదంతా ఆ రెండో అర్థం గురించే.

పని తెలియనివాళ్ళ కోసం నాలుగు వాక్యాలు. స్కూటరు ఎడమవైపు కవరు విప్పితే ముందొక పుల్లీ, వెనకొక పుల్లీ, వాటి చుట్టూ పళ్ళున్న రబ్బరు బెల్టు కనిపిస్తాయి. వెనక పుల్లీకి రెండు పళ్ళేలు. వాటిని ఒక గట్టి స్ప్రింగు దగ్గరకు నొక్కి ఉంచుతుంది. కొత్త బెల్టు వేసేటప్పుడు ఆ పళ్ళేలను విడదీసి బెల్టును లోతుకు దించాలి. అప్పుడే ముందువైపు బెల్టు వదులై, ముందు పుల్లీ తన చోట సరిగ్గా కూర్చుంటుంది. దించకుండా ముందు పుల్లీ నట్టు బిగిస్తే, ఆ పుల్లీ పళ్ళెం బెల్టును నలిపి పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. నట్టు మాత్రం గట్టిగా బిగిసినట్టే ఉంటుంది.

“నట్టు అబద్ధమాడుతది” అనేవాడు కాక. “బిగిసిన్నంటది. దేనికి బిగిసిందో చెప్పదు.” అందుకే నట్టు పెట్టేముందు ప్రతి బండి దగ్గరా ఒకటే ప్రశ్న: “దిగిందా?” అడిగి ఊరుకునేవాడు కాదు. టార్చి తీసి, రెండు చేతులా పట్టుకుని మోకాలికి ఆనించి, వంగి తానే చూసేవాడు. “అడుగుడు పని గాదు. చూసుడు పని.”

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. ఆ తరువాత నేర్చుకున్నదంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. నక్షత్రాల గురించి, వ్యాకరణం గురించి, మొగలుల పన్నుల గురించి చదివినట్టే, బెల్టు మార్చిన వారానికల్లా వాహనాల మీద ఉన్న ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. చదివింది సెల్లారులో కాకకు తెలుగులో చెప్పేవాణ్ణి. పరమశ్రద్ధగా వినేవాడు. నలభై ఏళ్ళుగా చేత్తో తెలిసిన సంగతి నా నోట విని, “గట్ల అచ్చేసిండ్రా బుక్కుల?” అని మురిసిపోయేవాడు. ఆయన అనుభవానికి కుదరని మాట ఏదైనా వస్తే, “బుక్కుల ఉంటే ఉంటది తియ్” అని తానే తగ్గేవాడు. ఆ తగ్గడం నాకెంత రుచించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. “నువ్వు మాట్లాడితే అచ్చుల ఉన్నట్టే ఉంటదయ్యా, పుస్తకాల సారూ” అని అందరిముందూ అనేవాడు. అది ఎగతాళో మెప్పో తేల్చుకోలేదు. మెప్పనే తీసుకున్నాను.

ఒకరోజు చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళాను. కిటికీ చట్రంలో ఒక బోల్టు బిగించి ఉంది. కాక దానికి నట్టు ఎక్కించడానికి ప్రయత్నిస్తున్నాడు. నట్టు బోల్టు మూతికి తగులుతోంది, జారుతోంది, కింద పడుతోంది. తీస్తున్నాడు, మళ్ళీ పెడుతున్నాడు. కుడిచెయ్యి మణికట్టు నుంచి ఊగుతోంది. నేను దగ్గితే తిరిగి చూశాడు. “నువ్వు చూడలే” అన్నాడు. చూడలేదన్నాను. ఎవరి బండికి వాళ్ళ చెయ్యే అన్న నియమం ఎందుకు పుట్టిందో, చాయ్ సగం గ్లాసే ఎందుకో, టార్చి మోకాలికి ఎందుకు ఆనిస్తాడో ఆరోజు అర్థమైంది. ఆ సంగతి యాదమ్మ గారు తప్ప తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇదీ గుర్తుంచుకోండి.

రెండు వేల పన్నెండు వేసవి. మా రెండో అంతస్తులో రాజ్యలక్ష్మి గారని బడిపంతులమ్మ ఉంటారు. వాళ్ళది భీమవరం వైపు. ఆమె తండ్రి ఎప్పుడో ఉద్యోగానికి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఆమె కూతురు శ్రావణికి సోమవారం ఉదయం ప్రవేశ పరీక్ష. పరీక్షా కేంద్రం బషీర్‌బాగ్ వైపు. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరని ఆ రోజుల్లో పత్రికలన్నీ హెచ్చరిస్తున్నాయి. బస్సులుంటాయో, ఏ బందో తెలియని కాలం. స్కూటరు మీదే తీసుకెళ్ళాలని ఆమె పట్టు. బెల్టు చీలికలు పట్టింది. ఆదివారం మధ్యాహ్నం కాకను పిలిచారు.

“మల్లేశం గారూ, నేనే విప్పుతానండి. మీరలా కూర్చుని చెబుతూ ఉండండి చాలు” అన్నారామె, చీర కొంగు బొడ్లో దోపుకుని. మూడుసార్లు చేతులు కడుక్కున్నారు. కవరు విప్పారు, పాత బెల్టు తీశారు. చక్కగా చేస్తున్నారు. ఇంతలో కరెంటు పోయింది. నేను అక్కడే, ఎవరూ అడగకుండానే నిలబడి ఉన్నాను. పైనుంచి శ్రావణి “అమ్మా, హాల్‌టికెట్ కనిపించట్లేదే!” అని కేక వేసింది.

“మీరు వెళ్ళండి మేడం. మిగతాది నేను చూసుకుంటాను. ఇదంతా నేను చదివిందే” అన్నాను.

“ఎవరి బండికి వాళ్ళ...” అని కాక అనబోయాడు.

“కాకా, ఇది బుక్కుల ఉన్న పనే. అయిదు నిమిషాలు.”

కాక తన బకెట్టు కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. ఆమె పైకి వెళ్ళారు. నేను కూర్చుని కొత్త బెల్టు వెనక పుల్లీకి తగిలించాను. పళ్ళేలు విడదీయడానికి బలంగా నొక్కాలి. ఒకసారి నొక్కాను, వేళ్ళు జారాయి. కొంచెం దిగినట్టనిపించింది. అదే సమయానికి వీధిలోంచి ఎవరింటికో వచ్చిన చుట్టాలు అయిదారుగురు లిఫ్టు లేదని తెలిసి, సెల్లారులో చల్లగా ఉందని మా చుట్టూ నిలబడ్డారు. కొత్తవాళ్ళు చూస్తున్నారు కదా, నేను తడుముకుంటున్నట్టు కనిపించకూడదు.

“దిగిందా?” అన్నాడు కాక.

“దిగింది” అన్నాను.

ఆయన చెయ్యి జేబుదాకా వెళ్ళింది. టార్చి తీయలేదు. నేను నట్టు బిగించాను. గట్టిగా బిగిసింది. కవరు మూశాను. చుట్టాలు మెచ్చుకోలుగా తలలూపి మెట్లెక్కారు. సందులో ఒక చుట్టు తిరిగి వచ్చాను. బండి బాగానే లాగింది. లోపల ఎక్కడో సన్నగా రాపిడి. కాక తల ఒకవైపుకు వాల్చి విన్నాడు.

“సప్పుడు జర తేడా ఉంది. మల్ల తెరువు.”

అప్పటికి నా చొక్కా తడిసిపోయింది. పెళ్ళిపత్రిక మీద ఒక్క బోల్టు కూడా మిగలకుండా అన్నీ పెట్టేశాను. ఆ విజయం నాకు ముద్దుగా ఉంది. నేనన్నాను: “కొత్త బెల్టుకు మొదట్ల గట్లనే ఉంటది కాకా. బుక్కుల రాసిండ్రు.”

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. నోటికొచ్చింది, అన్నాను.

కాక నా ముఖం వంక చూశాడు. “బుక్కుల ఉన్నదా? ఉంటే ఉంటది తియ్” అన్నాడు.

మర్నాడు ఉదయం నారాయణగూడ ఫ్లైఓవరు ఎక్కుతుండగా రాజ్యలక్ష్మి గారి స్కూటరు అరిచింది. ఇంజను అరుస్తోంది, చక్రం తిరగడం లేదు. బండిని అక్కడే గోడకు ఆనించి తల్లీకూతుళ్ళు పరుగెత్తారు. ఆటోలు ఆగలేదు. ఆగినది చౌరస్తాలో చిక్కుకుంది. నాలుగు నిమిషాలు ఆలస్యం. గేటుకు ఇవతల నిలబడి శ్రావణి లోపలి గంట విన్నది.

బండి తెచ్చి విప్పిన నారాయణగూడ మెకానిక్ నలిగిన బెల్టు చూపించి, “ఎవడమ్మా ఇది బిగించినోడు? బెల్టు దించనే లేదు” అన్నాడట. ఆ బెల్టు చేత పట్టుకుని ఆమె సంఘం సమావేశానికి వచ్చారు. సెల్లారులోనే, ఆదివారం ఉదయం, ప్లాస్టిక్ కుర్చీలు వేసి. కాకను పిలిపించారు.

“ఈయన చూసుకుంటానన్నారు, మీరూ పక్కనే ఉన్నారు. నేను పైకి వెళ్ళాక చివరికి ఇది వేసింది ఎవరండీ?” అని అడిగారామె. గొంతు హెచ్చించలేదు. “నాకు అది తెలిస్తే చాలు.”

కాక నా వైపు తిరిగాడు. పుల్లీలోకి చూసినట్టే చూశాడు, లోతుకు. నేను గోడ మీద అంటించిన నీళ్ళ సరఫరా నోటీసులో ఒక అక్షరదోషాన్ని చూస్తూ నిలబడ్డాను. ఆ దోషం నాకు ఇప్పటికీ గుర్తుంది: ‘విజ్ఞప్తి’కి ‘విజ్నప్తి’.

“నా చెయ్యే మేడం” అన్నాడు కాక. “వణుకుతది. మూడేండ్ల సంది వణుకుతుంది. ఎవ్వరికి చెప్పలే.”

ఎవరూ అడగకుండానే కుడిచెయ్యి ముందుకు చాపాడు. తీగ మీద ఆరేసిన చొక్కా చెయ్యిలా అది ఊగింది. మూడేళ్ళు బకెట్టు మీద కూర్చుని, సగం గ్లాసు చాయ్ తాగి, అన్ని విద్యలతో దాచుకున్నదాన్ని పాతికమంది ముందు పెట్టాడు.

రాజ్యలక్ష్మి గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జాలితో కాదు. “మరి వణికే చేత్తో మా బండెందుకు ముట్టుకున్నారండీ? చెబితే నేనే వేసుకునేదాన్ని కదా. నేనే వేసుకుంటానని చెప్పాను కూడా కదా!”

“అవునమ్మా. నువ్వేసుకుంటనన్నవ్” అన్నాడు కాక.

సెల్లారులో ఇక బండ్లు విప్పకూడదని తీర్మానించారు. ఆ నోటీసు రాసే పని, అక్షరాలు తెలిసినవాణ్ణని, నాకే అప్పజెప్పారు. కార్యదర్శి గారు చిత్తుప్రతిలో ‘మరమత్తు’ అని రాశారు. ‘మరమ్మతు’ అని దిద్దాను. గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా రాసి అంటించాను. అది ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది. కావలసినవాళ్ళు వచ్చి చూడవచ్చు.

ఎనిమిది రోజుల తరువాత వాళ్ళింటికి వెళ్ళాను. కాక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు.

“నీ కోసం చెప్పిన్ననుకోకు” అన్నాడు. “దిగిందా అని అడిగిన. చూడలే. టార్చి తీస్తే ఆ వచ్చినోళ్ళ ముంగట చెయ్యి కనపడతదని జేబులనే ఉంచిన. పిల్ల పరీక్ష కన్న నా సిగ్గు నాకు పెద్దగయింది. అది నా తప్పు, నేను ఒప్పుకున్న. నీది నీకున్నది.”

“మాఫ్ చెయ్యి కాకా.”

“మాఫ్ ముచ్చట తర్వాత. కొత్త బెల్టుకు ఆ సప్పుడు ఉంటదని బుక్కుల ఉన్నదంటివి గదా. ఆ పేజీ తెచ్చి చూపియ్. నా కండ్లతోటి చూస్త.”

చెప్పవలసిన చోటు అదే. నా ఎదుట ఒక్క మనిషి, ఆయన భార్య వంటగదిలో. అయినా నా నోరు, “తెస్త కాకా, లైబ్రరీల ఉంది” అంది.

ఆనాటినుంచి రెండేళ్ళు, ఎక్కడ కనిపించినా ఒకటే మాట. చిక్కడపల్లి మార్కెట్లో వంకాయలు ఏరుతూ, “దొరికిందా బుక్కు?” ఇరానీ హోటలు ముందు, “దొరికిందా బుక్కు?” ఎవరో ఇంటికి తీసుకుపోయారన్నాను. బైండింగుకు పోయిందన్నాను. ఆ బీరువా తాళంచెవి కొత్త ఉద్యోగి దగ్గర ఉందన్నాను. ప్రతిసారీ “మంచిది, దొరికినప్పుడు తే” అని వెళ్ళిపోయేవాడు. నా అబద్ధం తెలిసి పొడుస్తున్నాడా, లేక నిజంగానే ఆ పేజీ ఉందని నమ్మి ఎదురుచూస్తున్నాడా అన్నది నాకు ఈ రోజుకీ తెలియదు. రెండోదే అయితే నేను చేసింది ఇంకా నీచం.

ఒక సంగతి చెప్పాలి. నేను ఆ పేజీ కోసం నిజంగానే వెతికాను. గ్రంథాలయంలో ఉన్నవన్నీ తిరగేశాను. కోఠిలో పాత పుస్తకాల వాళ్ళ దగ్గర ఆదివారాలు కూర్చుని, నూనె మరకల వర్క్‌షాపు పుస్తకాలు పేజీ పేజీ చూశాను. ఎక్కడైనా ఒక్క వాక్యం దొరికితే నేనాడింది అబద్ధం కాకుండా పోతుందని. దొరికినవన్నీ ఒకటే చెప్పాయి: కొత్త శబ్దం వస్తే వెంటనే తెరిచి చూడాలని. నాలుగో తరగతి చదివిన మనిషి బకెట్టు మీద కూర్చుని ఆ మాటే అన్నాడు.

ఆ రెండేళ్ళలో కాకను ఎవరూ బండి దగ్గరకు పిలవలేదు. మా సెల్లారులో మాత్రమే కాదు, సందు మొత్తంలో. “పాపం, చేతులు” అనేవాళ్ళు. బెల్టు పోతే నారాయణగూడలో వదిలి వస్తున్నారు, ఏం చేశారో తెలియకుండా తెచ్చుకుంటున్నారు. బొత్తాములు పెట్టుకున్న ఆ తెల్ల చొక్కా జేబులో టార్చి మాత్రం చివరిదాకా ఉంది.

పదకొండో రోజున సంఘం వాళ్ళు సెల్లారులోనే, నా నోటీసు కిందే ఆయన ఫొటో పెట్టి దండ వేశారు. “చేతులు సహకరించకపోయినా సేవాభావంతో...” అని కార్యదర్శి గారు మాట్లాడారు. నేను లేచి నిలబడ్డాను. నన్ను మాట్లాడమన్నారు. “మంచి మనిషి” అని కూర్చున్నాను. రెండుసార్లు అదే చోట నోరు పెగల్లేదు కాబట్టే ఇలా రాయవలసి వచ్చింది.

ఆ సాయంత్రం యాదమ్మ గారు నన్ను ఇంట్లోకి పిలిచారు. మంచానికి ఎదురుగా మేకుకు ఒక బెల్టు వేలాడుతోంది. నలిగిన బెల్టు. సమావేశంలో రాజ్యలక్ష్మి గారు కింద పడేసి వెళ్ళినదాన్ని కాక ఏరి తెచ్చుకున్నాడన్నమాట. “దీన్ని ఏం జేయాలె బిడ్డా? పారేద్దామంటే ముట్టనియ్యకపోతుండె. ‘ఇది నా బుక్కు’ అంటుండె” అన్నారామె. చేతిలోకి తీసుకున్నాను. ఒకచోట రబ్బరు చదునుగా అణిగి, లోపలి దారాలు బయటికి వచ్చి ఉన్నాయి. వణికే చెయ్యి అంత గట్టిగా బిగించలేదు. చూడటం తెలిసినవాళ్ళు ఒక్కరు ఆ బెల్టును చూసి ఉంటే చాలు, ఆరోజే తెలిసిపోయేది.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేముందు రాజ్యలక్ష్మి గారికి చూపించాను. గుమ్మంలోనే నిలబడి మొత్తం చదివారు. శ్రావణి వేరే ఊళ్ళో, వేరే చదువులో ఉంది. కాగితాలు మడిచి నా చేతిలో పెట్టారు.

“ఆయన చెవిన పడాల్సిన మాట. తీసుకొచ్చి మా చెవిన వేస్తారా?” అన్నారు. “రెండేళ్ళు నేనాయన్ని పలకరించలేదండీ. ఎదురొస్తే తల తిప్పుకుని పోయాను. ఆ పాపం నాచేత చేయించింది కూడా మీరే.” తలుపు వేసుకున్నారు.

ఈ మాటలు కూడా రాయమని ఆమె అనలేదు, వద్దనీ అనలేదు. రాశాను.

అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లిలో మెకానిక్‌లకు కొదవ లేదు. పుస్తకాలు చదివేవాళ్ళకూ లేదు. అడిగి ఊరుకోకుండా వంగి చూసేవాడు ఒకడుండేవాడు. అతన్ని మనం బకెట్టు మీదనుంచి లేపేశాం. అందులో నా చెయ్యి ఎంతుందో పైన రాశాను. చదివినవాళ్ళు ఆయన పేరు ఎత్తినప్పుడు ఈ ఒక్క సవరణ చేసుకోమని ప్రార్థన. నా పేరు పక్కన ఏం రాసుకుంటారో మీ ఇష్టం.

కాకా, బుక్కు దొరకలేదు. అసలు అలాంటి పేజీ లేదు. ఉన్న పేజీ ఇదొక్కటే. నువ్వు కూడబలుక్కుని చదవగలిగే అక్షరాల్లో, నీకు నమ్మకమైన అచ్చులో వేయిస్తున్నాను. ఆ ఆదివారం నువ్వు అడిగిన మాటకు జవాబు ఇందులో ఉంది.

దిగలేదు కాకా.